ఫ్లాష్ పట్టుకునే ఆమె

బస్సు ఇంకా కదలలేదు, చెంగమ్మ అప్పుడే అలిసిపోయింది. మదనపల్లె బస్టాండులో మధ్యాహ్నపు ఎండకు కిటికీ చువ్వ చెయ్యి పెట్టనివ్వడం లేదు, టమాటా బుట్టలు ఎక్కించినవాళ్లు వాటిని ఎక్కడ సర్దాలో తేల్చుకోలేక ఒకరి మీద ఒకరు కేకలేసుకుంటున్నారు, కండక్టరు కిందెక్కడో టీ తాగుతూ ఆ కేకలతో తనకేమీ సంబంధం లేదన్నట్టు నిలబడి ఉన్నాడు. ఆమె ఒళ్లో గుడ్డసంచి ఉంది. సంచిలో రెండు ఫ్లాష్‌లు, పాతదొకటి, కొత్తదొకటి, రెండూ కలిపినా ఒక చిన్న సొరకాయంత బరువుండవు, అయినా మోకాళ్లు లాగేస్తున్నాయి. ఈ బస్సు గంటలో పుంగనూరు చేరుతుంది. అక్కడ ఆమె మొగుడు, ఫోటోగ్రాఫర్ బాలప్ప, కెమెరా బ్యాగు భుజాన వేసుకుని ఇదే బస్సు ఎక్కుతాడు, ఇద్దరూ కలిసి కుప్పం పోతారు, రేపు పొద్దున అక్కడ పెళ్లి. ఎక్కి కూర్చోగానే ఆయన అడగబోయే మొదటి మాట ఆమెకు తెలుసు: ఏ ఫ్లాష్ తీసుకున్నావు? జవాబు కూడా తెలుసు. ఆ జవాబును నోట్లోంచి బయటికి ఎలా తేవాలో మాత్రం తెలియదు, దానికి ఈ గంట చాలుతుందో లేదో కూడా తెలియదు.

పాత ఫ్లాష్ కొట్టడం లేదు, కొత్తది చూసి తెమ్మని పొద్దున పంపేటప్పుడు ఆయన ఎన్ని జాగ్రత్తలు చెప్పాడు! ఫ్లాష్ కొనడమంటే కూరగాయలు కొనడం కాదు అన్నాడు, కూరగాయలు కొనడమేదో సులువైన పని అయినట్టు, ఏనాడైనా సంతకు పోయి ఒక పుచ్చులేని వంకాయ తెచ్చిన మొహమైనట్టు. ఒకసారి కొట్టాక ఎర్రదీపం మళ్లీ ఎంతసేపటికి వెలుగుతుందో చూడమన్నాడు, తాళి ముడికీ ముడికీ మధ్య అది ఊపిరి తీసుకుంటూ కూర్చుంటే మన ఊపిరి పోతుందన్నాడు. వరసగా కొడితే వేడెక్కి అలుగుతుందేమో చూడాలి, సెల్లులు పెట్టే మూత గట్టిగా పడుతుందో లేదో చూడాలి, తల పైకి వంచితే వంచినచోట నిలబడాలి గానీ నిద్రొచ్చినవాడి తలలా వాలిపోకూడదు. కొత్తవి కొత్తల్లుడి మాదిరి మొదట్లో మురిపిస్తాయట, పండగ దాటినాక గానీ బుద్ధి బయటపడదట. అన్నీ చెప్పి చివర తన పాత మాట చెప్పాడు, ఎక్కువ వెలుతురు ఇచ్చేది మంచి ఫ్లాష్ కాదు, అడిగినప్పుడు ఇచ్చేది మంచి ఫ్లాష్. ఈ మాట పెళ్లయిన కొత్తలో కూడా అన్నాడు, అప్పుడు ఎంతో గొప్పగా వినిపించింది, ఇంత తెలివైనవాడు తనకు దొరికాడని పొంగిపోయింది కూడా. ఈరోజు మాత్రం ఆ మాట విని సంచి సర్దుకుంటూ తల వంచుకుంది. అడిగినప్పుడు ఇవ్వాలంటే ముందు అడిగేవాళ్లుండాలి కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగడం అలవాటైన గొంతు, కష్టపడలేదు.

బస్టాండు వెనక సందులో ముద్దుకృష్ణ కెమెరాల అంగడి. రిపేరీ చేస్తాడు, కొత్తవీ అమ్ముతాడు, మనిషి నెమ్మది. పాత ఫ్లాష్ చేతికివ్వగానే కెమెరాకు తగిలించే కాళ్ల దగ్గర చుట్టిన నల్లటేపు చూసి, ఇది ఇంకా బతికే ఉందా అని నవ్వాడు, మూత తీశాడు, లోపల గుడ్డతో తుడిచాడు, కొత్త సెల్లులు వేశాడు, గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సన్నగా కూ అని కూసుకుంటూ ఎర్రదీపం వెలగడం, గోడ తెల్లబడడం, మళ్లీ కూ అనడం. ప్రతిసారీ చెంగమ్మ, ఈసారైనా కొట్టకుండా ఉంటే బాగుండు అనుకుంది, ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది మొరాయిస్తే చాలు, ఆమె సంతోషంగా కొత్తది తీసుకుని, అయ్యా నువ్వు చెప్పిందే నిజం అని పోయి చెప్పేది. అది మొరాయించలేదు. ముద్దుకృష్ణ చేతులు తుడుచుకుని, "అమ్మా, దీనికి ఏ రోగమూ లేదు. ఎవురు జెప్పినారు కొట్టలేదని?" అన్నాడు. ఆయనే చెప్పాడంది. ముద్దుకృష్ణ గొంతు తగ్గించి, "అప్పకు కండ్లు ఎట్లుండాయి?" అని అడిగాడు. అద్దాలు మార్చారు అంది ఆమె, అడిగిందానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. దానంతటదే ఫోకస్ చేసుకునే కెమెరాలు వచ్చాయి కదమ్మా అన్నాడు ముద్దుకృష్ణ. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడో అయిపోయింది, కన్ను నాది, దానిది కాదు అని బాలప్ప ఒక్క మాటతో తలుపు మూసేశాడు. చివరికి ముద్దుకృష్ణ కొత్త ఫ్లాష్ ఒకటి డబ్బాతో సహా ఆమె సంచిలో పెట్టి, "రెండూ తీసకపోమ్మా. ఆయన్నే సూసుకోమను. వద్దన్నది ఏదైనా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపు," అన్నాడు. మంచివాడే, కానీ మంచితనంతో ఆమె నెత్తిమీదున్న బరువును రెండు చేశాడు.

బస్సు కదిలింది. ఊరు దాటగానే గాలి వచ్చింది, అది కూడా వేడిగాలే. రోడ్డు పక్కన చింతచెట్లు, వాటి వెనక టమాటా తోటలు, తోటల్లో కర్రలకు కట్టిన చెట్లు వరసగా వెనక్కి పోతున్నాయి. చెంగమ్మ పాత ఫ్లాష్ బయటికి తీసింది, ఎందుకు తీసిందో తనకే తెలియదు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు మాటిమాటికీ తడిమినట్టు తీసింది. ఎర్రదీపం వెలుగుతోంది. ముద్దుకృష్ణ ఆపడం మర్చిపోయాడు కాబోలు. బస్సు గుంతలో పడింది, ఆమె బొటనవేలు బొత్తాం మీద పడింది, బస్సంతా ఒక్కసారి తెల్లగా మెరిసింది. ముందు సీట్లో నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడి లేచాడు. "ఎవురమ్మా అది బస్సులో మెరుపు మెరిపించేది? డ్రైవరు కండ్లు పోతాయి!" అని కండక్టరు అరిచాడు. కండ్లు పోతాయి. ఎంత సులువుగా అనేశాడు, ఏదో టికెట్టు పోతుందన్నట్టు. పక్కన కూర్చున్న టమాటా బుట్ట ఆమె మాత్రం పకపకా నవ్వింది. "నేను వానొస్తాదేమో అనుకుంటి గదమ్మా," అంది. తర్వాత ఫ్లాష్‌ను చేతిలోకి తీసుకోకుండానే వంగి చూసి, "పెండ్లిండ్లలో కొడతారే, అదే కదా ఇది? ఈ లైటు పడకపోతే ఎట్లమ్మా, అక్షింతలు ఎప్పుడు వేయల్లో తెలీదు గదా," అంది. చెంగమ్మ అవునంది. ఫ్లాష్‌ను ఆపేసి సంచిలో పెట్టేసి కొంగు కప్పింది. కొంగు కప్పితే ఆగే మాటలా అవి, లోపల మొదలైపోయాయి.

బుట్ట ఆమె అన్నది నిజమే. పెళ్లిమంటపం చుట్టూ చుట్టాలు ఈగల్లా ముసురుకుంటారు, తాళి కట్టే పెళ్లికొడుకు చేతులు ముందు వరసలో నలుగురికి తప్ప ఎవరికీ కనపడవు. అయ్యవారు చెయ్యెత్తి గట్టిమేళం అనాలి, అంటాడు కూడా, కానీ ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? ఎక్కడో గుమ్మం దగ్గర కూర్చున్న మేళంవాళ్లు చూసేది ఫ్లాష్ కోసమే. లైటు పడగానే డోలు మోగుతుంది, డోలు మోగగానే అక్షింతలు పడతాయి. నా లైటు పడితేగానీ పెండ్లి కాదు అని బాలప్ప మీసం దువ్వుకుంటూ ఎంతమందికి చెప్పుకున్నాడో. మరి మొన్న కలికిరిలో ఏమైంది? మంచి ముహూర్తాల రోజు, అప్పటికే ఇంకెక్కడో పెళ్లి చేసొచ్చిన అయ్యవారికి గొంతు పోయింది, గుసగుసగా మంత్రం చదువుతున్నాడు. చెంగమ్మ ఎప్పటిలా బాలప్పకు పక్కన, కుడిచెయ్యి పైకెత్తి ఫ్లాష్ పట్టుకుని నిలబడింది. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. లైటు పడలేదు. మొదటి ముడి పడింది. ఏదో సరిచూసుకుంటున్నాడు కాబోలు అనుకుంది. రెండో ముడి పడింది. ఆమె కళ్లు తిప్పి మొగుడి వేలు చూసింది, వేలు బొత్తాం మీదే ఉంది, కదలడం లేదు, తల కొంచెం వంచి ఏదో శబ్దం కోసం వింటున్నవాడిలా ఉన్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు. ఆయనకు పెళ్లికొడుకు చేతులు కనపడడం లేదు. డోలు మోగితే నొక్కుదామని ఆయన చూస్తున్నాడు. లైటు పడితే వాయిద్దామని డోలు చూస్తోంది. ఆడబిడ్డ వంగి మూడో ముడి వేసింది, పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఆ చౌల్ట్రీలో ఇంకే చప్పుడూ లేదు, పెళ్లయిపోయింది. అయ్యా కొట్టు అని చెంగమ్మ ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. ఇన్నేళ్లలో మంటపం దగ్గర ఆమె నోరు తెరిచింది లేదు, ఆ క్షణంలో తెరవడానికి నోరు రాలేదు.

"మేళమేదిరా?" అని మొదట అరిచింది పెళ్లికూతురి ముసలి జేజి చౌడమ్మ. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి, డోలు, అక్షింతలు, ఏడుపు, ఆ గందరగోళంలో బాలప్ప కూడా కొట్టాడు, కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. "నా బిడ్డకు మూగపెండ్లి చేసినారు గదరా!" అని చౌడమ్మ గుండెలు బాదుకుంది. పోనీ తాళిని ఒకసారి అలా పట్టుకుంటే ఫోటో తీస్తానని బాలప్ప అంటే, కట్టిన తాళిని మళ్లీ ముట్టుకోవడానికి అదేం దండకడియమా అని కసిరింది. అందరూ చుట్టుముట్టారు. అప్పుడన్నాడు ఆయన ఆ మాట. "ఫ్లాష్ కొట్టలేదమ్మా, నేనేం జేసేది?" కళ్లన్నీ ఫ్లాష్ మీదికి తిరిగాయి. ఫ్లాష్ మీదికి తిరిగిన కళ్లు దాన్ని పట్టుకున్న చెయ్యి మీదికి, చెయ్యి మీదినుంచి ఆమె ముఖం మీదికి వచ్చాయి. ఏం పట్టుకున్నావమ్మా, సరిగ్గా పట్టుకుంటే కదా అని ఎవరో అన్నారు. చెంగమ్మ తలొంచుకుంది. కోపం రాలేదా? వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు బస్సులో పక్కపక్కన కూర్చున్నంతసేపూ వచ్చింది, నీ తప్పు నా చేతిలో పెట్టావు కదయ్యా అని అడగాలనిపించింది. కానీ పక్కకు చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఏమీ చూడడం లేదు, కెమెరాను ఒళ్లో రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. కోపం ఎటుపోయిందో పోయింది. ఫోటోలు కడిగించి తెచ్చాక అరటి పిలకలు, స్తంభాలకు చుట్టిన రంగుకాగితాలు, వెనకనున్న చుట్టాల ముఖాలు స్పష్టంగా ఉన్నాయి, నడుమ పెళ్లికూతురు మాత్రం నీళ్లలో మునిగినట్టు మసగ్గా ఉంది. బాలప్ప ఒక్కో ఫోటోనూ ముక్కు దగ్గర పెట్టుకుని, తల పక్కకు తిప్పి, కోడి గింజను చూసినట్టు ఒక కంటితో చూశాడు. ఫ్లాష్ దెబ్బే అన్నాడు. ఫ్లాష్ పోతే చీకటి పడుతుంది గానీ మసక పడుతుందా? ఆ సంగతి ఆయన నేర్పితేనే కదా ఆమెకు వచ్చింది.

కలికిరి కంటే ముందే ఆమెకు అనుమానం మొదలైంది. షుగరు కంటికి దిగిందని ఊళ్లో డాక్టరన్నాడు, బెంగుళూరులో చూపించుకుని వస్తానని ఒక్కడే పోయాడు, తోడు వస్తానంటే స్టూడియో ఎవరు చూస్తారని కసిరాడు, వచ్చి అద్దాలు మార్చాలన్నారు అన్నాడు, అంతే, ఇంకేమీ చెప్పలేదు. అద్దాలు మారాయి. తర్వాత ఒకరోజు స్టూడియోలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంటే ఆమె కాఫీ తెచ్చి ఎదురుగా నిలబడింది. సరిగ్గా ఎదురుగా. ఏమీ మాట్లాడలేదు, కాఫీ తీసుకుంటాడని చూస్తోంది. "మే చెంగమ్మా, యాడుండావు? కాఫీ వాసనొస్తాండాది," అన్నాడు ఆయన, ఆమె ముఖంలోకే చూస్తూ. అప్పుడాయన తల కొంచెం పక్కకు తిప్పాడు, కనపడింది, నవ్వాడు, "దొంగ మాదిరి నిలబడినావే," అన్నాడు. ఆ రోజు రాత్రంతా అనుకుంది, ఎదురుగా నిలబడితే కనపడదు, పక్కన నిలబడితే కనపడుతుంది. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో పక్కనే నిలబడింది కాబట్టి తానింకా ఆయనకు కనపడుతూనే ఉంది. దీన్ని చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తనకు తెలుసని ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయనకు ఇంకేం మిగులుతుంది?

బస్సు ఏదో పల్లె దగ్గర ఆగింది, ఇద్దరు దిగారు, ముగ్గురెక్కారు, ఎక్కినవాడొకడు చెయ్యి పైకెత్తి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఎత్తిన చెయ్యి చూస్తేనే చెంగమ్మ భుజం పీకింది. ఎత్తు. ఆయన పనిలో ఉన్నప్పుడు ఆమెతో మాట్లాడే మాట అదొక్కటే. ఎత్తు, ఇంకా ఎత్తు. మొదటిసారి ఆమెను పెళ్లికి తీసుకుపోయింది వేరే దిక్కులేక, జీతానికున్న మనిషి చెప్పకుండా మానేశాడు, పెళ్లాన్ని తెచ్చుకున్నాడే అని పెళ్లివాళ్లు ముసిముసిగా నవ్వారు, ఈమె చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డంపడి ఫ్లాష్ పారేస్తుందేమోనని ఆయన బిక్కుబిక్కుమన్నాడు. ఫ్లాష్‌ను కెమెరా మీద పెట్టి కొడితే ముఖాలు గోడకు సున్నం కొట్టినట్టు చదునుగా వస్తాయట, షామియానా గుడ్డకేసి కొడితే ఆ ఎరుపూ పసుపూ దిగి పెళ్లికూతురికి కామెర్లొచ్చినట్టు ఉంటుందట, అందుకని కెమెరాకు వైరుతో తగిలించి పక్కనుంచి, పైనుంచి ఎత్తి పట్టుకోవాలి, అప్పుడు ముక్కు పక్కన కొంచెం నీడ పడుతుంది, ఆ కొంచెం నీడతోనే మనిషి మనిషిలా ఉంటుంది. అలా ఎత్తిన చెయ్యి. మదనపల్లె, కలకడ, పలమనేరు, ఎన్ని ఊళ్లు, ఎన్ని పెళ్లిళ్లు. ఇప్పుడా భుజం తల దువ్వుకోవడానికి కూడా లేవదు, జడ ఎడమచేత్తో వేసుకుంటోంది. ఆ పెళ్లిళ్ల ఆల్బముల్లో ఏ ఒక్క ఫోటోలోనూ చెంగమ్మ లేదు. కానీ ఏ ఫోటో చూసినా వెలుతురు ఎటునుంచి పడిందో అటు ఆమె ఉంది, ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు, తెలియాలని అనుకోలేదు కూడా. స్టూడియోలో ఆయన లేనప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు ఆమే తీస్తుంది. బాగానే వస్తాయి. పెళ్లిలో ఒకటి తీయనా అని ఎప్పుడో అడిగితే, ఆడదాని చేతిలో కెమెరా చూస్తే పెండ్లోళ్లు ఏమనుకుంటారు అన్నాడు. ఆ తర్వాత అడగలేదు.

పుంగనూరు దగ్గరపడుతోంది, ఆమె ఇంకా మాట తయారుచేసుకోలేదు. కొత్త ఫ్లాష్ చేతిలో పెట్టి, పాతది పోయిందన్నాడయ్యా అనొచ్చు. ఎంత తేలిక! ఆయన ముఖం విప్పారుతుంది, నేను చెప్పలేదా అంటాడు, కుప్పం దాకా హాయిగా నిద్రపోతాడు. తెల్లారి పెళ్లికూతురు సుప్రియ మెళ్లో తాళి పడుతుంది, ఆయన డోలు కోసం చూస్తూ నిలబడతాడు. సుప్రియ అంటే గోపాలస్వామి కూతురు. బాలప్ప తీసిన మొట్టమొదటి పెళ్లి గోపాలస్వామిదే, నా పెండ్లికి లైటు కొట్టినోడే నా బిడ్డ పెండ్లికీ కొట్టల్ల అని పట్టుబట్టి పిలిచాడు. ఆ పిల్ల మొన్న ఫోన్ చేసింది, బాలప్పతో మాట్లాడి మళ్లీ ఈమెను పిలిపించుకుని, "అత్తా, తాళి కట్టేటప్పుడు నేను తలొంచుకుంటాను గదా, అయినా నా మొగం రావల్ల. మామకు జెప్పు," అంది. వస్తుందమ్మా అంది చెంగమ్మ, ఏ ధైర్యంతో అందో. ఆ ముఖం రేపు నీళ్లలో మునిగినట్టు వస్తే? పోనీ ఉన్న నిజం చెప్పేస్తే? అయ్యా, ఫ్లాష్ బాగుంది, నీ కన్నే బాగాలేదు. ఈ మాట ముద్దుకృష్ణ చెప్పలేకపోయాడు, బెంగుళూరు డాక్టరు చెప్పాడో లేదో, చెప్పినా ఈయన వినలేదు, చివరికి తిరిగి తిరిగి చెంగమ్మ ఒళ్లోకి వచ్చి పడింది. ఎవరూ ఎత్తనిదల్లా ఎత్తడానికి ఆమె ఉంది కదా. ఒక్కసారిగా ఆమెకు అన్నిటిమీదా విసుగొచ్చింది, ఫ్లాష్‌ల మీద, పెళ్లిళ్ల మీద, ఆయన మీసం మీద, తన నోరులేనితనం మీద. ఈ బస్సు పుంగనూరులో ఆగకుండా ఎటన్నా పోతే బాగుండు అనుకుంది, అనుకుని వెంటనే, ఆయన ఎండలో నిలబడి ఉంటాడే, టోపీ పెట్టుకున్నాడో లేదో అనుకుంది.

టోపీ పెట్టుకోలేదు. బస్టాండులోకి బస్సు తిరుగుతుండగా కిటికీలోంచి కనపడ్డాడు, స్తంభం పక్కన, ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు, తల కొంచెం పక్కకు వంచి. బస్సు ఆయనకు బారెడు దూరంలో ఆగింది. ముందు అద్దం మీద కుప్పం అని ఎర్ర అక్షరాలతో బోర్డుంది, ఒక్కో అక్షరం జానెడుంది. ఆయన ఆ బోర్డుకేసి చూశాడు, చూసి పక్కనున్న మనిషితో నెమ్మదిగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "ఇది కుప్పం బస్సేనా అప్పా?" అని అడిగాడు. చెంగమ్మ ఇంతసేపూ కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "ఈడ, ఈడ ఉండాను రా," అని కేకేసింది, చెయ్యి ఊపితే కనపడదని గొంతే ఊపింది. టమాటా బుట్ట ఆమె లేచి అటుపక్క సీట్లోకి పోయి ఆయనకు చోటిచ్చింది.

"ఏమన్నాడు ముద్దుకృష్ణ?"

చెంగమ్మ సంచిలో చెయ్యి పెట్టి పాతది తీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన బొటనవేలు కాళ్ల దగ్గరికి పోయింది, నల్లటేపు తగిలింది, అక్కడే ఆగింది.

"ఇది మన పాతదే గదా."

"ఊ."

"కొత్తది లేదన్నాడా?"

"అదీ సంచిలోనే ఉండాది. రెండూ బాగుండాయి."

"మరి ఆ పొద్దు కలికిరిలో ఎందుకు కొట్టలేదు?"

"నువ్వు నొక్కింటే కొట్టేది," అంది చెంగమ్మ.

అనేసింది. అరవలేదు, ఏడవలేదు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. బస్సు కదిలింది. ఊరు వెనకబడింది. ఆయన కోప్పడతాడని చూసింది, ముద్దుకృష్ణకేం తెలుసు అంటాడని చూసింది. ఆయన అద్దాలు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. ఆయన తుడిచేది అద్దాలను కాదని ఆమెకు తెలుసు.

"నడుమ ఏమీ కనపడదు మే," అన్నాడు చివరికి. "సుట్టూ అంతా ఉంటాది. నేను సూడల్సింది మాత్రం ఉండదు. గట్టిమేళం వాయిస్తారు గదా, అప్పుడు నొక్కుదామనుకుంటి."

"వాళ్లేమో నీ లైటు కోసం సూస్తాండిరి."

ఆయన ముక్కుతో ఒక నవ్వు నవ్వాడు, నవ్వులా లేదు. కాసేపటికి, "చౌడమ్మ ముందర నిన్ను తలొంచుకునేట్టు జేస్తి," అన్నాడు. చెంగమ్మకు అనడానికి చాలా ఉంది, ఇన్నాళ్లుగా ఉంది, కానీ ఆ ఒక్క మాటతో దానిలో సగం అవసరం లేకుండా పోయింది, మిగిలిన సగం ఇంకెప్పుడైనా అడుగుతుంది.

"నీ భుజం ఎట్లుండాది?" అన్నాడు.

"సచ్చిపోతాండాది."

"రేపు నేను ఎత్తి పట్టుకుంటాలే."

బ్యాగు జిప్పు తీసి కెమెరా బయటికి తీశాడు. ఒకసారి రెండు చేతులతో తడిమాడు, లెన్సు మూత తీశాడు, తీసి ఆమె ఒళ్లో, సంచి మీద పెట్టాడు. పెట్టాక కూడా చెయ్యి వెంటనే తీయలేదు. చెమటకు బిరుసెక్కిన ఆ పట్టీ ఆయన మెడలో తప్ప ఇంకెక్కడా వేలాడగా ఆమె చూడలేదు. పెండ్లోళ్లు ఏమన్నా అనుకుంటే అంది. "లైటు పడితే సాలు వాళ్లకు," అన్నాడు బాలప్ప, కిటికీ వైపు తిరిగి.

ఆమె పట్టీ మెడలో వేసుకుంది. బరువుగానే ఉంది, ఇది వేరే బరువు. కెమెరా కంటికి ఆనించి అటుపక్క సీటుకేసి తిప్పింది, టమాటా బుట్ట ఆమె ముఖం నడుమ వలయంలో ఫోకస్ కుదరక రెండు ముక్కలుగా కనపడింది, వేళ్లతో తిప్పితే పై ముక్కా కింది ముక్కా మెల్లగా జరుగుతూ జరుగుతూ వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయి. బుట్ట ఆమె సంగతి పసిగట్టి కొంగు సర్దుకుని బిగదీసుకుని కూర్చుంది. బాలప్ప వైరు తగిలించి ఫ్లాష్ ఆన్ చేశాడు. సన్నగా కూ అంది.

"ఎర్రలైటు వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది. ఎత్తు," అంది చెంగమ్మ. ఆ మాట తన నోట్లో ఎప్పుడూ తిరగలేదు, కొంచెం కరుకుగా వచ్చింది.

ఆయన చెయ్యెత్తాడు. "ఇంత సాలా?"

"ఇంగా ఎత్తు."

బస్సు ఊగుతోంది. బాలప్ప ఒక చేత్తో కడ్డీ పట్టుకుని సీట్లోంచి లేచి నిలబడ్డాడు.